ఉద్దానం జీడితోటల్లో, పార్వతీపురం వైపు దారుల్లో సైకిల్ మీద వెళ్తుంటే ఎలుగు, ఏనుగు, పాము ఎదురైతే

కొత్త పెడల్:
అందరికీ నమస్కారం. మార్చి రెండో వారంలో నలుగురం కలిసి రెండు రైడ్లు అనుకున్నాం. ఒకటి పలాస నుంచి మందస, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం. ఇంకోటి విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, అక్కడి నుంచి తోటపల్లి, కొమరాడ వైపు. ఎండ ముదరకముందే చాలా దూరం లాగేద్దామని రెండింటికీ తెల్లవారుజామున నాలుగున్నర పెట్టుకున్నాం. మొదటి దారిలో ఎలుగుబంట్లు, రెండో దారిలో ఏనుగులు ఉన్నాయి, జాగ్రత్త అంటున్నారు అందరూ. ఆ జాగ్రత్తలో ఏమేం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. మా సైకిళ్ళు రెండు హైబ్రిడ్లు, ఒక ఎంటీబీ (కొండదారుల సైకిల్), ఒక రోడ్ బైకు (సన్నటి టైర్ల వేగం సైకిల్). టైము మార్చాలా, దారి మార్చాలా, ఏం పట్టుకెళ్ళాలి, ఎదురైతే ఏం చెయ్యాలి? తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి.

ఉద్దానం బాబు:
ముందు టైము మార్చండి తమ్ముడూ. మిగతావన్నీ తర్వాత. మార్చి అంటే జీడిపండు రాలే కాలం. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కవిటి, కంచిలి... ఈ మండలాల తోటల్లో ఎలుగు రాత్రంతా పండ్ల కింద తిరిగి, వెలుగు వచ్చే వేళకి గుట్టకో పొదకో చేరుతుంది. నాలుగున్నర నుంచి ఆరు దాకా అది తోట నుంచి పొదకి దాటే సమయం. అచ్చంగా అదే సమయానికి మీరు తోటల మధ్య ఉంటారు. జీడిపిక్కలు ఏరడానికి పొద్దున్నే వెళ్ళేవాళ్ళ మీద దాడులు జరిగేది కూడా అందుకే.

ఒకటి చూసుకోండి. జీడిచెట్టు కొమ్మలు నేల దాకా వాలిపోయి ఉంటాయి. బయట నుంచి పచ్చటి కుప్పలాగ కనిపిస్తుంది, లోపల మాత్రం మొదలు చుట్టూ ఖాళీ. పండు రాలేది ఆ ఖాళీలోనే, ఎలుగు కూర్చుని తినేదీ అక్కడే. రోడ్డు మీద నుంచి మూడు మీటర్ల దూరంలో ఉన్నా మీకు కనిపించదు.

సూర్యోదయం అయ్యాక అరగంట ఆగి బయల్దేరండి. మార్చిలో అంటే ఆరున్నర. సాయంత్రం అయిదు దాటాక తోటల రోడ్లలో ఉండొద్దు.

పుట్టమన్ను:
బాబు గారు చెప్పిన టైముకి కారణం కూడా తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి. ఎలుగుబంటికి మనిషి మాంసంతో పని లేదు. చెదలు, చీమలు, తేనె, రేగు, నేరేడు, పనస, జీడిపండు, ఇవే దాని తిండి. చూపు తక్కువ, వినికిడీ అంతంతమాత్రమే, వాసన పట్టడంలో మాత్రం దానికి సాటి లేదు. చెదపుట్టలో మూతి పెట్టి పీల్చేటప్పుడు ఆ చప్పుడు వంద మీటర్ల పైన వినిపిస్తుంది. అంత చప్పుడు మధ్య ఉన్న జంతువు పక్కనే ఎవరొచ్చారో గమనించదు. గమనించేసరికి మనిషి అయిదారు మీటర్లలో ఉంటాడు. అప్పుడు పారిపోవడం కన్నా మీద పడడం దానికి అలవాటు. పులి తిరిగే అడవుల్లో బతికిన జంతువు, చెట్టెక్కి తప్పించుకునే అలవాటు లేని జంతువు అలాగే చేస్తుంది. పిల్లలు వీపు మీద ఉంటే మరీను.

నడిచేవాడి అడుగుల చప్పుడు, మాటలు ముందే వినిపిస్తాయి. మోటారుసైకిలైతే అర కిలోమీటరు నుంచే వినిపిస్తుంది. సైకిల్ ఒక్కటే చప్పుడు లేకుండా, వేగంగా వచ్చేది. గంటకి 25 కిలోమీటర్లంటే సెకనుకి ఏడు మీటర్లు. ఎలుగు తలెత్తేలోపు మీరు దాని పక్కన ఉంటారు. కాబట్టి మీరు వస్తున్న సంగతి దానికి ముందుగా తెలియజెయ్యడమే అసలు పని.

కొత్త పెడల్:
అంటే బెల్లు కొట్టుకుంటూ వెళ్ళాలా? ఒక ఫ్రెండు బ్లూటూత్ స్పీకర్ పెడదామంటున్నాడు.

గేర్ మాస్టారు:
స్పీకర్ వద్దు. పాట మోగుతుంటే పొదలో కదలిక, కొమ్మ విరిగిన చప్పుడు, ముందున్నవాడి కేక ఏదీ మీకు వినపడదు. చెవిలో ఇయర్‌ఫోన్లయితే అసలే వద్దు. మనిషి గొంతే మేలు. నలుగురున్నారు కదా, మామూలుగా కంటే కొంచెం గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళండి. మలుపు ముందు, తోట రోడ్డుకి ఆనుకున్న చోట, కల్వర్టు దిగే చోట "హోయ్" అని ఒక కేక. ఒంటరిగా వెళ్ళేవాళ్ళయితే ఇత్తడి డింగ్ బెల్లు పెట్టుకుని ఇలాంటి చోట్ల అయిదారు సెకన్లకోసారి కొట్టాలి. సీటుకి గలగలలాడే చిన్న మువ్వలు కట్టుకుంటే లాభం లేదు, ఎదురుగాలిలో ఇరవై మీటర్లు కూడా పోవు.

ఇంకో ముఖ్యమైన సంగతి, నలుగురూ దగ్గరగా ఉండాలి. ఇద్దరి మధ్య ఎడం అయిదు నుంచి ఎనిమిది మీటర్లు. రోడ్ బైకు ఆయన వంద మీటర్లు ముందుకి పోతే ఏమవుతుందంటే, ఆయన దాటేసరికి ఎలుగు ఉలిక్కిపడి లేస్తుంది, దారి మీదకి వస్తుంది, సరిగ్గా అప్పుడు మూడోవాడు దానికి ఎదురు పోతాడు. ముందున్నవాడికి ఏమీ తెలియదు. బాగా నెమ్మదిగా తొక్కేవాళ్ళని ముందు పెట్టండి.

వేగం లెక్క కూడా చెప్తాను. తారు పొడిగా ఉండి, రెండు బ్రేకులూ బాగుండి, కంటికి కనిపించి చెయ్యి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడితే, 20 వేగంలో ఆగడానికి సుమారు 9 మీటర్లు పడుతుంది. 30లో 15 నుంచి 16. 40లో 24 దాకా. ఎర్రమట్టి గుల్ల మీద ఇంతకి రెట్టింపు వేసుకోండి. మలుపులో మీకు ఎంత దూరం కనిపిస్తుందో ఆ దూరంలో సగంలోనే ఆగగలిగే వేగం పెట్టుకోవాలి. ఇరవై మీటర్లు కనిపించే మలుపులో 20 దాటకూడదు. మలుపు ముందే గేరు తేలిక చేసుకోండి. పెద్ద గేరులో ఆగిపోతే తిరిగి బయల్దేరడానికి పెడల్ కదలదు.

రోడ్ బైకు ఆయనకి క్లీట్లుంటే (బూటుని పెడల్‌కి బిగించే కొక్కేలు) ఆ రోజుకి ఫ్లాట్ పెడళ్ళు బిగించుకోమనండి. పెడల్ రెంచి 15 మి.మీ., ఎడమ పెడల్ మర ఎదురు వైపు తిరుగుతుందని మర్చిపోవద్దు. కంగారులో కాలు ఊడకపోతే సైకిల్‌తో సహా పక్కకి పడిపోతారు.

పుట్టమన్ను:
మాస్టారు గాలి మాట చెప్పలేదు. ఉద్దానంలో అది చాలా ముఖ్యం. తెల్లవారుజామున గాలి కొండల వైపు నుంచి సముద్రానికి వీస్తుంది, ఎండెక్కాక సముద్రం నుంచి లోపలికి. పొద్దున్నే హైవే నుంచి తీరం వైపు వెళ్తే గాలి మీ వీపు మీద ఉంటుంది, మీ వాసన మీకంటే ముందు వెళ్ళి ఎలుగుకి కబురు చెప్తుంది. పది దాటాక అదే దారిలో వెళ్తే గాలి ఎదురు, ముందున్న దానికి మీ వాసన అందదు. గాలి మొహానికి కొడుతున్నంతసేపూ కేకలు ఎక్కువ చెయ్యండి.

ఆనవాళ్ళు కూడా చూసుకుంటూ ఉండండి. చెదపుట్టకి పక్క నుంచి గరాటులాగ తవ్విన గొయ్యి, తడి ఆరని మన్ను, దగ్గర్లో పనసగింజలో రేగుపిక్కలో నిండిన పెంట. అడుగు అచ్చం మనిషి వట్టికాలి గుర్తులాగే పడుతుంది, కానీ వేళ్ళు దాదాపు ఒకే వరసలో ఉంటాయి, వాటికి ఎడంగా ముందు గోళ్ళ గాట్లు. ఆ గాట్ల అంచు పదునుగా ఉండి ఇంకా ఇసుక జారకపోతే అది ఆ రాత్రిదే.

నాగావళి గట్టు:
ఎదురైతే ఏం చెయ్యాలన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి విన్నది, చచ్చినట్టు పడుకుంటే వాసన చూసి పోతుందని. అదేనా?

ఉద్దానం బాబు:
అదెప్పుడో తెలియకుండా చేస్తే ప్రమాదం. దూరాన్ని బట్టి ఉంటుంది.

యాభై మీటర్ల పైన ఉండి, మిమ్మల్ని గమనించకపోతే ఆగండి, దిగండి, చప్పుడు చెయ్యకుండా సైకిల్ తిప్పుకుని వచ్చిన దారినే వెనక్కి. అది దారి దాటుతుంటే దాటనివ్వండి, వెనక ఇంకోటి ఉంటుందేమో అని పది నిమిషాలు ఆగండి. తల్లి వెళ్ళాక పిల్ల వెనకబడి రావడం ఉంటుంది.

గమనించి, రెండు కాళ్ళ మీద లేచి నిలబడితే అది దాడి కాదు, వాసన పట్టుకుంటోంది. ఫోన్ తియ్యొద్దు. సైకిల్‌ని మీకూ దానికీ అడ్డంగా పెట్టండి, ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు మీద. నెమ్మదిగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వెయ్యండి. నలుగురూ ఒక దగ్గర చేరండి. వీపు చూపించి పరుగెత్తొద్దు. మనిషి కంటే అది వేగం. చెట్టెక్కినా లాభం లేదు, తేనె కోసం అది చెట్లెక్కే జంతువే. పల్లానికి పరుగెడితే దాని జుట్టు కళ్ళ మీద పడి కనపడదని చెప్పే మాట నమ్మొద్దు.

పది మీటర్లలో ఉండి మీదకి వచ్చేస్తుంటే సైకిల్ దాని మీదకి తోసెయ్యండి. అప్పటికీ వచ్చి పడితే అప్పుడు మీరు అడిగిన "పడుకోవడం". బోర్లా పడుకుని, రెండు చేతుల వేళ్ళూ మెడ వెనక పెనవేసి, మోచేతులు మొహానికి రెండు పక్కలా అడ్డం పెట్టాలి. వెల్లకిలా పడుకోకూడదు. ఎలుగు దాడిలో గాయాలు ఎక్కువగా తలకి, మొహానికే. అందుకే హెల్మెట్ బకిల్ ఊడదీయకూడదు, వీపు సంచీ తియ్యకూడదు. అది వెళ్ళిపోయాక వెంటనే లేవొద్దు, చప్పుడు పూర్తిగా తగ్గేదాకా అలాగే ఉండాలి. కదిలితే మళ్ళీ వస్తుంది.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, ఇంకొందరు గాయపడ్డారు. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్తున్నది కాదు.

సాలూరు ఘాట్:
పెప్పర్ స్ప్రే పనికొస్తుందా? హ్యాండిల్‌కి కట్టుకోవచ్చు కదా.

గేర్ మాస్టారు:
మందుల షాపుల్లో దొరికే చిన్న డబ్బా రెండు మూడు మీటర్లే కొడుతుంది. ఎదురుగాలిలో కొడితే మీ కళ్ళలోనే పడుతుంది, కళ్ళు కనపడక సైకిల్ దగ్గర కూలబడిపోతారు. దాన్ని నమ్ముకుని టైము మార్చకుండా వెళ్ళడం మాత్రం చెయ్యొద్దు. ఒక అడుగున్నర గట్టి కర్ర టాప్ ట్యూబుకి (ఫ్రేము పై గొట్టానికి) కట్టుకోండి, కుక్కలకైనా పనికొస్తుంది, ఎత్తి చూపిస్తే చాలు.

టపాసులు కూడా వద్దు. ఎలుగు, ఏనుగు రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువులు. తరమడం కూడా ఆ చట్టం కింద వేట లెక్కలోకే వస్తుంది.

తోటపల్లి గట్టు:
రెండో రైడు గురించి నేను చెప్తాను. కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస, కురుపాం ఇవన్నీ 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కోవాలంటే విజయనగరం అటవీ ఆఫీసుకి కాదు, పార్వతీపురానికి చెయ్యాలి.

ఏనుగుల విషయంలో ఎలుగుకి చెప్పినవి సగం తలకిందులు. కేకలు వెయ్యకూడదు, బెల్లు కొట్టకూడదు, ఎదురు నిలవకూడదు. ఒడిశా వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన గుంపు ఇది. చెరుకు, అరటి, మొక్కజొన్న, వరి కోసం ఊళ్ళ మధ్యే తిరుగుతుంది. మనుషుల అరుపులు, టపాసులు, జనం వెంటపడడం అన్నీ చూసిన ఏనుగులు. వాటికి అరుపు అంటే మనిషి వస్తున్నాడన్న కబురు కాదు, గొడవ మొదలైందని.

వెళ్ళేముందు చెయ్యాల్సింది ఒకటే, ముందు రోజు సాయంత్రం, మళ్ళీ ఆ రోజు పొద్దున్న గుంపు ఏ ఊరి దగ్గర ఉందో కనుక్కోవడం. అటవీశాఖ ట్రాకర్లు గుంపు వెంటే ఉంటారు. పార్వతీపురంలో టీ కొట్టు దగ్గర అడిగినా ఏ వైపు ఉన్నాయో చెప్పేస్తారు. రాత్రి నాగావళి దాటిపోతుంటాయి, నిన్నటి కబురు పొద్దున్నకి పాతబడిపోతుంది. గుంపు మీ దారికి రెండు మూడు కిలోమీటర్లలో ఉందంటే ఆ దారి ఆ రోజుకి వదిలెయ్యండి. విజయనగరం వైపు తాటిపూడి రిజర్వాయరు చుట్టూ తొక్కుకోండి, దానికేం తక్కువ కాదు.

కొత్త పెడల్:
అయినా అనుకోకుండా ఎదురైతే, తోటపల్లి గట్టు గారూ? తారు రోడ్డు మీద సైకిల్ కంటే ఏనుగు వేగం తక్కువే కదా?

తోటపల్లి గట్టు:
ఆసియా ఏనుగు గంటకి 25 కిలోమీటర్ల దాకా పోగలదు. సమతలం తారు మీద, అప్పటికే వేగంలో ఉన్న సైకిల్ దాన్ని దాటుతుంది, నిజమే. కానీ మీరు ఆగి ఉంటారు. దిగి, తిప్పి, ఎక్కి, 20 వేగం అందుకునేసరికి ఎంత లేదన్నా పది సెకన్లు. పది సెకన్లలో ఏనుగు యాభై అరవై మీటర్లు వస్తుంది. అందుకే వంద మీటర్ల లోపలికి అసలు పోకూడదు, రెండొందలైతే ఇంకా మంచిది. చూడగానే సైకిల్ తిప్పి పెట్టుకోండి, ముందు చక్రం వచ్చిన దారి వైపు, తేలిక గేరులో, ఒక పెడల్ పైకి. ఆ తర్వాతే ఏం చెయ్యాలో ఆలోచించండి.

చెవులు విప్పి, తల ఊపి, ఘీంకరించి నాలుగడుగులు వేసి ఆగితే చాలాసార్లు అది బెదిరింపు. చెవులు వెనక్కి అదిమి, తొండం లోపలికి చుట్టి, చప్పుడు లేకుండా వస్తే అది నిజంగా వస్తున్నట్టు. ఈ తేడా కోసం నిలబడి చూడొద్దు. రెండింటికీ పోవడమే.

మట్టిదారి, ఎగువ దారి అయితే సైకిల్ ఎక్కకండి. అక్కడే పడేసి పొండి. ఏనుగు గెంతలేదు. నిట్రంగా ఉన్న కాలువ గట్టు, లోతైన కందకం, పెద్ద బండరాళ్ళు మీకూ దానికీ మధ్య ఉండేలా చూసుకోండి. గాలికి అడ్డంగా పోతే మీ వాసన దానికి తప్పుతుంది. వీపు సంచీ గానీ చొక్కా గానీ విసిరేస్తే దాని దగ్గర ఆగొచ్చు. దిగువకి ఏనుగు పరుగెత్తలేదన్న మాట అబద్ధం.

ఒంటరి మగ ఏనుగు గుంపు కంటే ప్రమాదం, చప్పుడు ఉండదు. రాత్రి పూట దాని బూడిదరంగు ఒళ్ళు తారు రంగులో కలిసిపోతుంది, లైటు పడినా దగ్గరికొచ్చేదాకా గోడో చెట్టో అనుకుంటారు. చీకట్లో ఆ దారులు వద్దు, అంతే.

రోడ్డు మీద తడి పెంట, పక్కన చీల్చేసిన అరటి బోదెలు, పడిపోయిన కంచె రాళ్ళు కనిపిస్తే ఆగిపోవడమే. పెంట పైపొర ఎండి లోపల తడి ఉంటే కొన్ని గంటల కిందటిది. పైనే తడి మెరుస్తూ ఆవిరి వస్తుంటే గుంపు దగ్గర్లోనే ఉంది. తడిమట్టిలో గుండ్రటి అడుగు ముందుకాలు, కోలగా ఉన్నది వెనక కాలు. ముందుకాలి గుర్తు చుట్టుకొలతకి రెట్టింపు వేస్తే ఆ ఏనుగు భుజం ఎత్తు సుమారుగా వస్తుంది.

సాలూరు ఘాట్:
పులి మాట? 2022లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది కదా.

పుట్టమన్ను:
వచ్చింది, దాటిపోయింది. అటు నుంచి ఇటు వలస పోయే పులి ఏడాదిలో ఒకచోట కొద్ది రోజులే ఉంటుంది. అటవీశాఖ ఫలానా మండలంలో ఉందని చెప్పిన రోజుల్లో ఆ మండలానికి వెళ్ళకపోతే చాలు. ఎదురైతే వంగొద్దు, కూర్చోవద్దు, పరుగెత్తొద్దు, ఎదురుగా చూస్తూ వెనక్కి రండి. సైకిల్ మీద వాలి తొక్కే భంగిమ నాలుగు కాళ్ళ జంతువులా కనిపిస్తుంది, దిగి నిటారుగా నిలబడితే మనిషి అని తెలుస్తుంది. దీని మీద ఇంతకంటే ఆలోచించక్కర్లేదు. పాము గురించి ఆలోచించండి, అది ప్రతి రైడులో ఉండేది.

బొబ్బిలి నర్సు:
పాము గురించి నేను రాస్తాను. మన వైపు ఎక్కువగా ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. సాయంత్రం తారు వెచ్చగా ఉంటుంది, వాన పడి ఆగాక కప్పలు రోడ్డెక్కుతాయి, వాటి వెనక పాములు. చీకటి పడ్డాక మొదటి రెండు గంటలు రోడ్డు అంచు వదిలి మధ్యకి తొక్కండి.

కాటు పడితే సైకిల్ తొక్కకూడదు, నడవకూడదు. కండరం కదిలిన కొద్దీ విషం తొందరగా పాకుతుంది. ఉంగరం, వాచీ, బూటు, బిగుతు సాక్సు వెంటనే తీసెయ్యాలి, వాచాక రావు. కాలు కదలకుండా సైకిల్ పంపో కర్రో పెట్టి గుడ్డతో వదులుగా కట్టండి. బిగించి తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు వద్దు. కాటు పడిన టైము ఫోన్‌లో రాసి పెట్టండి. వాపు ఎక్కడిదాకా వచ్చిందో పెన్నుతో గీత గీసి పక్కన టైము వెయ్యండి, డాక్టరుకి అది చాలా పనికొస్తుంది. 108కి ఫోన్. పాముని చంపి పట్టుకెళ్ళక్కర్లేదు, ఈ నాలుగింటికీ ఒకటే మందు. మొదట సుమారు పది వయల్స్ (మందు సీసాలు) ఎక్కిస్తారు కాబట్టి, అంత స్టాకు ఉందో లేదో దారిలో ఉండగానే ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి. టెక్కలి, శ్రీకాకుళం, పార్వతీపురం పెద్దాస్పత్రుల నంబర్లు ముందే ఫోన్‌లో పెట్టుకోండి.

కట్లపాము కాటుకి నొప్పి, వాపు దాదాపు ఉండవు. రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. "ఏదో గీసుకుంది" అనుకుని వదలొద్దు. రక్తపింజరకి వాపు, చిగుళ్ళ నుంచి రక్తం, ఎర్రటి మూత్రం. ఘాట్లలో ఉండే రాచనాగుకి మాత్రం ఈ మందు పనిచెయ్యదు, దాన్ని దూరం నుంచే వదిలెయ్యాలి.

గేర్ మాస్టారు:
నర్సు గారి మాటకి సైకిల్ వైపు నుంచి ఒకటి కలుపుతాను. పాము ముందు కనిపించి ఆగలేకపోతే హ్యాండిల్ పక్కకి తిప్పొద్దు, నేరుగా పోనివ్వండి. పెడళ్ళు రెండూ సమంగా ఉంచండి. సాధారణంగా బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళు తిరిగే ఇరుసు) నేలకి 28 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, క్రాంక్ (ఇరుసు నుంచి పెడల్ దాకా ఉండే కడ్డీ) పొడవు 17. పెడల్ కిందకి ఉంటే కాలు నేలకి 11 సెంటీమీటర్లలోనే ఉంటుంది, సమంగా ఉంటే 28లో. ఆ తేడా కాటు అందే దూరానికీ అందని దూరానికీ తేడా. చక్రం కింద పడిన పాము ఊచల్లో చుట్టుకోవచ్చు కాబట్టి అక్కడే ఆగకుండా పదిహేను ఇరవై మీటర్లు పోయి దిగి చూడండి.

పంక్చరు కూడా ఇందులో భాగమే. తోట పక్కన, గడ్డిలో కూర్చుని ట్యూబు మార్చడమే మనిషి ఒకచోట పావుగంట ఉండిపోయే సమయం. తుమ్మముళ్ళు, రేగుముళ్ళు ఆ దారుల్లో ఎక్కువ. ట్యూబ్‌లెస్ అయితే 700×35 టైరుకి 45 నుంచి 60 మి.లీ., 29 అంగుళాల ఎంటీబీకి 90 నుంచి 120 మి.లీ. సీలెంట్ (కన్నాన్ని లోపల నుంచి పూడ్చే ద్రవం) పొయ్యండి. మన ఎండలకి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మార్చి రైడుకి ఫిబ్రవరి ఆఖర్లో కొత్తది పోసుకోండి. ట్యూబు టైరయితే ఆగిన చోట కాకుండా, తోట దాటి ఖాళీగా కనిపించే చోటికో ఊరికో నడిపించుకుని వెళ్ళి మార్చండి. టైరు పోయినా పర్వాలేదు. పని చేసే ఇద్దరికి మిగతా ఇద్దరూ చెరో వైపు చూస్తూ నిలబడాలి.

నాగావళి గట్టు:
అడవిపందుల మాట ఎవరూ ఎత్తలేదు. అవి సైకిల్‌ని చూస్తే పారిపోతాయి, పిల్లలతో ఉంటే తప్ప. వాటికంటే వాటి కోసం పెట్టే కరెంటు తీగ పెద్ద ప్రమాదం. చెరుకు, వేరుశనగ, మొక్కజొన్న చేల చుట్టూ మోకాలి ఎత్తున సన్నటి జీఐ తీగ కనిపిస్తే దాన్ని తాకొద్దు, సైకిల్ ఆనించొద్దు. పసుపు ఇన్సులేటర్లు, సోలార్ ప్యానెల్ ఉన్నదైతే క్షణం పాటు కొట్టి వదిలే కంచె. 230 వోల్టుల లైను నుంచి దొంగగా లాగిందైతే మనిషిని చంపేస్తుంది, చట్టవిరుద్ధం కూడా. తీగని మాత్రమే చూస్తే రెండింటికీ తేడా తెలియదు. చీకట్లో చేను గట్ల మీద అడ్డదారులు పట్టొద్దు.

సాలూరు ఘాట్:
శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కేవాళ్ళకి రెండు ముక్కలు. కోతులకి తినేది చూపించొద్దు, హ్యాండిల్ సంచీ జిప్పు వేసి ఉంచండి, ప్లాస్టిక్ కవరు చప్పుడుకే వచ్చేస్తాయి. కళ్ళలోకి చూడొద్దు, పళ్ళు కనిపించేలా నవ్వొద్దు.

పెద్ద తేనెటీగల పట్టు బూరుగు, మర్రి చెట్ల మీద, వంతెనల కింద, బండ అంచుల మీద ఉంటుంది. ఇక్కడ మాత్రం ఎలుగుకి చెప్పినదానికి పూర్తిగా ఎదురు. ఆగొద్దు, పడుకోవద్దు, చేతులు ఆడించొద్దు. మొహం కప్పుకుని ఎంత దూరం పోగలిగితే అంత దూరం, కొన్ని వందల మీటర్లు తొక్కెయ్యాలి. హెల్మెట్ కన్నాల్లో దూరితే దూరం పోయాకే తియ్యాలి. ముళ్ళు గోటితోనో కార్డుతోనో వెంటనే గీకి తీసెయ్యాలి, ఆలస్యమైతే విషం ఇంకా దిగుతుంది. ఊపిరి ఆడకపోయినా, పెదాలు నాలుక వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా 108.

బొబ్బిలి నర్సు:
ఊరకుక్కలు, నక్కలు, కోతులు, ఎలుగు, ఏది కరిచినా గీరినా రేబీస్ లెక్కలోనే చూడాలి. సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను అంటే పదిహేనే, టైము చూసుకోండి. రక్తం ఎగజిమ్ముతుంటే ముందు గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టడం, కడగడం తర్వాత. పసుపు, కారం, సున్నం వద్దు. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 28 రోజులు, కండకి ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28. రక్తం వచ్చిన గాయానికి టీకా ఒక్కటే చాలదు, ఇమ్యునోగ్లోబులిన్ గాయం చుట్టూ, గాయంలోకి ఇవ్వాలి. అడిగి వేయించుకోండి. ఎలుగు గాయానికి అది ఇవ్వకముందే కుట్లు వేసెయ్యకూడదు. ధనుర్వాతం టీకా కూడా వేయించుకోండి.

కుక్క వెంటపడితే దిగి సైకిల్ అడ్డం పెట్టుకుని నడవండి. చక్రం ఆగిపోతే చాలావరకు ఆసక్తి పోతుంది దానికి. కాలితో తన్నబోతే కాలే దానికి అందుతుంది.

కొత్త పెడల్:
అందరికీ చాలా ధన్యవాదాలు. ప్లాన్ మార్చాం. మొదటి రోజు పలాసలో రాత్రి ఉండి పొద్దున్న ఆరున్నరకి బయల్దేరడం. ఇచ్ఛాపురం చేరాక సాయంత్రం నాలుగుకి కవిటి తోటల రోడ్డు మీదుగా సోంపేట తిరిగి రావడం. రెండో రైడు ముందు రోజు పార్వతీపురంలో ఆగి కబురు కనుక్కుని వెళ్ళడం, గుంపు దగ్గర్లో ఉంటే తాటిపూడి. లైట్లు 400 ల్యూమెన్లవి తీసుకున్నాం. బీచ్‌లో కూడా కొంచెం తొక్కుదామని బారువ కలిపాం. ఇంకేమైనా మార్చాలా?

ఉద్దానం బాబు:
పొద్దున్న సరిగ్గా ఉంది. సాయంత్రం సరిగ్గా లేదు. నాలుగుకి ఇచ్ఛాపురంలో బయల్దేరితే అయిదు నుంచి ఆరు దాకా కవిటి తోటల్లోనే ఉంటారు. ఎలుగు పొద నుంచి బయటికొచ్చే వేళ అది. రెండుకి బయల్దేరండి, ఎండ భరించలేకపోతే తిరుగు ప్రయాణం హైవే మీద చేసుకోండి. ఆలస్యమైతే తోట దారి వదిలేసి హైవే ఎక్కాలని ముందే నలుగురూ ఒప్పుకుని ఉండండి, అలిసిపోయాక ఆ వాదన పెట్టుకోకూడదు.

పుట్టమన్ను:
బారువ బీచ్‌కి పగలే వెళ్ళండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. తెల్ల లైటు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది, పిల్లలు సముద్రం అనుకుని లైటు వైపు నడిచొస్తాయి. టైరు గాడిలో పడిన పిల్ల పైకి ఎక్కలేదు, గాడి వెంటే పోతుంది. అలలు తడిపే గట్టి ఇసుక మీదే తొక్కండి, పైన పొడి ఇసుకలో గుడ్లు ఉంటాయి.

గేర్ మాస్టారు:
లైటు కోణం చూసుకోండి. వెలుగు మధ్య భాగం చక్రం ముందు పది పన్నెండు మీటర్లలో నేలని తాకాలి, అప్పుడు అంచు వెలుగు ముప్పై మీటర్ల దాకా పోతుంది. మినుకుమినుకు మోడ్‌లో పెట్టొద్దు, దూరం అంచనా తెలియదు, జంతువు కళ్ళ మెరుపు కూడా పట్టుకోలేరు. ఆగితే లైటు రోడ్డు మీదే ఉంచండి, జంతువు మొహం మీదకి తిప్పకండి. బ్యాటరీ పూర్తి వెలుగులో ఎంతసేపు వస్తుందో ఇంట్లోనే ఒకసారి వెలిగించి గడియారం పెట్టి చూసుకోండి, డబ్బా మీద రాసిన గంటలు తక్కువ వెలుగువి.

తోటపల్లి గట్టు:
కొమరాడ వైపు వెళ్ళే రోజు పార్వతీపురంలో కనుక్కున్న కబురు తోటపల్లి బ్యారేజీ దగ్గర ఇంకోసారి కనుక్కోండి. రెండింటిలో తేడా వస్తే దగ్గర ఊరివాళ్ళు చెప్పిందే పట్టుకోండి. చేలలో అరటి గెలలు, చెరుకు కట్టలు ఎవరైనా ఇస్తే సైకిల్ క్యారియర్‌కి కట్టుకుని తిరగొద్దు. ఆ వాసనకి ఏనుగు కిలోమీటరు నుంచి కూడా వచ్చేస్తుంది.